ఆషాఢం గాలిలో అనంతపురం రోడ్డు: బండిని పక్కకి తోసేది అసలు ఏమిటి?

బెంగళూరులో ఉండే రాయలసీమ వాళ్లలో చాలామందికి ఊరికి వెళ్లాలంటే బస్సు టికెట్ కోసం వెతుక్కోవడం కంటే బండి తీయడమే తేలిక. మారతహళ్లి నుంచో కేఆర్ పురం నుంచో తెల్లారకముందే బయల్దేరితే హెబ్బాళ, దేవనహళ్లి, చిక్కబళ్లాపురం, బాగేపల్లి, పెనుకొండ... టిఫిన్ టైముకి అనంతపురం. ఏడాదిలో చాలా నెలలు హాయిగా సాగిపోయే దారే ఇది. జూన్ వచ్చిందంటే మాత్రం సోమవారం పొద్దున ఆఫీసులో వినిపించే మాటలు మారిపోతాయి. బాగేపల్లి దాటాక బండి నిలబడలేదని ఒకరు, లారీని దాటుతుంటే ఎవరో పట్టి లాగినట్టయిందని ఇంకొకరు.

దానికి వచ్చే సలహాలు వింటే ఉన్న టెన్షన్ ఇంకాస్త పెరుగుతుంది. "స్పీడ్ తగ్గించొద్దు, స్పీడ్‌లోనే బండి నిలకడగా ఉంటుంది" అంటాడొకాయన. నలభై దాటొద్దంటాడు ఇంకొకాయన. బుల్లెట్ లాంటి బరువైన బండి ఉంటే గాలి ఏమీ పీకలేదని మూడో ఆయన తేల్చేస్తాడు. మూడింట్లోనూ కొంత నిజం ఉంది, కానీ అసలు సంగతి మూడింట్లోనూ లేదు. ఒకే దిక్కు నుంచి ఒకే జోరుతో వీచే గాలి కాస్త గట్టిదైనా సరే, బండికి అలవాటైపోతుంది. ఉన్నట్టుండి పెరిగే గాలితోనే చిక్కు, ఉన్నట్టుండి ఆగిపోయే గాలితో ఇంకా పెద్ద చిక్కు. అది ఎక్కడ పెరుగుతుంది, ఎక్కడ ఆగుతుంది అన్నది చాలావరకు ముందే చెప్పొచ్చు కాబట్టి దీని గురించి ఇంత రాయడం.

ముందు గాలి ఎక్కడిదో చూద్దాం. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి రుతుపవనాలు అరేబియా సముద్రం మీదుగా వచ్చి పడమటి కనుమలకి కొట్టుకుంటాయి. వాన చాలావరకు అక్కడే కురిసిపోతుంది. ఇవతలికి, అంటే కోలారు, అనంతపురం, కర్నూలు వైపుకి, తడి తగ్గిన గాలి మాత్రం ఆగకుండా వస్తుంది. అందుకే ఆషాఢంలో మన వైపు వాన చుక్క పడకపోయినా గాలి హోరెత్తిపోతుంది. ఆ కాలంలో భూమికి ఒకటిన్నర కిలోమీటరు ఎత్తున, ఆఫ్రికా తీరం నుంచి అరేబియా సముద్రం దాటి దక్షిణ భారతం మీదుగా ఒక వేగమైన గాలి ప్రవాహం సాగుతుంటుంది, కింద మనకి తగిలే జోరు వెనక దాని చెయ్యి ఉంది. రామగిరి వైపు కొండల మీద 1990లలోనే గాలిమరలు పెట్టారంటే ఊరికే కాదు. ఇంకా దక్షిణానికి పోతే కనుమల్లో సందు ఉన్న చోట ఈ గాలి సన్నటి దారిలో దూరి మరీ వేగం పుంజుకుంటుంది. కోయంబత్తూరుకి పడమర పాలక్కాడ్ సందు అలాంటిదే. కన్యాకుమారి రైడ్‌కి వెళ్లేవాళ్లకి ఆరల్వాయ్‌మొళి, ముప్పందల్ దగ్గర తగిలేదీ అదే. ఒక ప్రాంతంలో రోడ్డు పక్కన గాలిమరలు బారులు తీరి కనిపించాయంటే, ఏళ్ల తరబడి గాలిని కొలిచి, డబ్బు పెట్టి మరీ ఎంచుకున్న చోటు అది. బండి మీద పోయేవాడికి అంతకంటే నమ్మకమైన హెచ్చరిక బోర్డు దొరకదు.

ఇక రోజులో ఏ వేళ అన్నది. తెల్లవారుజామున బయల్దేరడం బెంగళూరు వాళ్లకి ట్రాఫిక్ వల్ల అబ్బిన అలవాటు. గాలి లెక్కలో చూసినా అది మంచి అలవాటే, కారణం మాత్రం వేరు. రాత్రి నేల చల్లబడుతుంది, నేలని ఆనుకున్న గాలి కూడా చల్లబడి బరువెక్కి కదలకుండా పడి ఉంటుంది, పైన పరుగెత్తే గాలి దాని మీదుగా జారిపోతుంది తప్ప కిందికి దిగదు. ఎండెక్కి నేల కాగాక కింది గాలి పైకి లేస్తుంది, దాని చోటులోకి పై గాలి దిగుతుంది. అది ఒక ధారగా దిగదు, ముద్దలు ముద్దలుగా దిగుతుంది. మీ బండికి ఫట్‌మని తగిలే ఒక్కో విసురూ అలా పైనుంచి దిగిన ఒక గాలి ముద్దే. అందుకని పొద్దున పది పదకొండు నుంచి సాయంత్రం దాకా గాలి జోరే కాదు, దాని కుదుపు కూడా ఎక్కువ. ఐదింటికి హెబ్బాళ దాటినవాడికి, తిరుగు ప్రయాణంలో ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసి రెండింటికి అనంతపురంలో బయల్దేరినవాడికి దొరికే గాలులు వేరు. రోడ్డు ఒకటే అయినా అవి రెండు వేరే ప్రయాణాలు.

వాతావరణ శాఖ హెచ్చరిక చదివేటప్పుడు కూడా ఒక సంగతి గుర్తుండాలి. "గంటకి 40 నుంచి 50 కిలోమీటర్ల వేగం, ఒక్కోసారి 60" అని ఉంటే మొదటిది కొన్ని నిమిషాల సగటు, చివరిది కొద్ది సెకన్ల పాటు వచ్చే విసురు. మనల్ని పక్క లైనులోకి నెట్టేది ఆ చివరి అంకె. పైగా గాలి తోపుడు దాని వేగంతో సమానంగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. 30 మీద వీచే గాలి ఒక్కసారిగా 50కి ఎగిరితే తోపుడు ఒకటిన్నర రెట్లో రెండు రెట్లో కాదు, దాదాపు 3 రెట్లు అవుతుంది. ఇంకోటి, ఈ కొలతలు ఆరుబయట 10 మీటర్ల ఎత్తున తీసుకుంటారు. బండి మీద కూర్చున్న మనిషి ఎత్తులో గాలి అంతకంటే తక్కువే ఉంటుంది. ఫ్లైఓవరో వంతెనో ఎక్కితే మాత్రం మీరే ఆ ఎత్తుకి పోతారు.

ఇప్పుడు కిలోల్లోకి దిగుదాం. బండి, మనిషి కలిపి పక్కనుంచి చూస్తే సుమారు ఒక చదరపు మీటరు అనుకోండి. 40 కిలోమీటర్ల గాలి పక్కనుంచి తగిలితే, నిలబడి ఉన్న బండి మీద ఏడెనిమిది కిలోల తోపుడు పడుతుంది. 60 అయితే 17 కిలోల దాకా. బెంగళూరు సముద్ర మట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి గాలి కాస్త పలచన, చెన్నైతో పోలిస్తే ఓ పదో వంతు తగ్గించుకోవచ్చు, అంతకుమించి సంబరపడేందుకు ఏమీ లేదు. ఇలా స్థిరంగా పడే తోపుడుకి బండి గాలి వైపు కొంచెం వాలి నడుస్తుంది. ఆ వాలడం మనం ఆలోచించి చేసేది కాదు, చేతులే చేసేస్తాయి. ఎంత వాలాలి? 15 కిలోల తోపుడుకి, మనిషితో కలిపి 270 కిలోలుండే బండి అయితే 3 డిగ్రీలు, 180 కిలోలుండే 100 సీసీ బండి అయితే 5 డిగ్రీలకి కాస్త తక్కువ. సైడ్ స్టాండ్ మీద ఉన్నప్పుడు బండి ఇంతకంటే ఎక్కువే వాలుతుంది. అంటే స్థిరమైన గాలి మనల్ని పడేయడం అంత తేలిక కాదు. కానీ ఆ 5 డిగ్రీలు వాలి ఉన్నప్పుడు గాలి టక్కున ఆగిందనుకోండి, ఎటు వాలి ఉన్నామో అటే పోతాం. గాలి తోసిన వైపుకి కాదు, గాలి వచ్చిన వైపుకి. చాలామందిని కంగారు పెట్టేది ఈ తిరకాసే.

స్పీడ్ మాట

"స్పీడ్‌లోనే నిలకడ" అనేవాళ్లు పూర్తిగా తప్పు చెప్పట్లేదు. చక్రాలు తిరిగే కొద్దీ బండికి తనంతట తాను నిటారుగా ఉండే గుణం పెరుగుతుంది, 20లో ఊగిసలాడే బండి 60లో గీత గీసినట్టు పోతుంది. వాళ్లు వదిలేసేది రెండో సగం. మీరు 80లో ముందుకి పోతుంటే, 40 గాలి పక్కనుంచి వస్తుంటే, బండికి తగిలేది ఆ రెండూ కలిసిన గాలి, దాదాపు 90 వేగంతో, ముందు మూల నుంచి. ఆ కలిసిన గాలిలో పక్కకి తోసే భాగం, బండి ఆగి ఉన్నప్పటికంటే స్థూలంగా రెట్టింపు దాటుతుంది. అదే 100లో పోతుంటే రెండున్నర రెట్ల పైచిలుకు. అంటే బయట గాలి ఏమీ మారకపోయినా, మీరు యాక్సిలరేటర్ తిప్పిన కొద్దీ పక్క తోపుడు పెరుగుతుందన్నమాట. 100 నుంచి 60కి దిగితే ఆ తోపుడు ఇంచుమించు మూడో వంతు తగ్గుతుంది. దీనికి తోడు, ఒక సెకను తడబడితే 100లో 28 మీటర్లు పోతాం, 60లో 17 మీటర్లు కూడా పోము. హైవే లైను వెడల్పు మూడున్నర మీటర్లే.

అలాగని 40లో పొమ్మనడం ఈ దారి, అంటే ఎన్‌హెచ్ 44 హైవే, మీద పనికొచ్చే సలహా కాదు. అక్కడ లారీలే 60లో పోతాయి, 40లో పోయేవాణ్ని ప్రతి లారీ, ప్రతి బస్సు దాటుకుంటూ పోతుంది. అలా దాటిన ప్రతిసారీ ఒక గాలి మార్పు. నా లెక్కలో గాలి రోజున ఆ దారిలో 60, 65 సరైన వేగం. లారీలతో సమానంగా, వాటికి దూరంగా.

బరువు మాటకొస్తే, బరువైన బండి గాలికి నెమ్మదిగా కదులుతుంది, అది నిజం. కానీ బరువుతో పాటు పెద్ద ట్యాంకు, ముందు పెద్ద ఫెయిరింగ్ (ప్లాస్టిక్ తొడుగు), అద్దం, వెనక పెట్టెలు వచ్చాయంటే గాలికి ఆనే వెడల్పు కూడా పెరుగుతుంది. బోసిగా ఉన్న 150 సీసీ బండి, నిండా తొడుక్కున్న పెద్ద టూరింగ్ బండి కంటే తక్కువ కొట్టుకోవడం వింతేమీ కాదు. స్కూటర్ సంగతి వేరే చెప్పాలి. నూరు కిలోలకి కాస్త పైన బరువు, 10 లేదా 12 అంగుళాల చక్రాలు, పక్కలంతా చదునైన రేకో ప్లాస్టికో, మోకాళ్లతో పట్టుకోవడానికి ట్యాంకు ఉండదు. ఊళ్లో దానంత సుఖమైనది లేదు. గాలి రోజున బాగేపల్లి అవతల దాన్ని చూస్తే మాత్రం నాకే భయమేస్తుంది.

చేతులు

బండి కొట్టుకోవడంలో సగం గాలి పని, సగం మన చేతుల పని. గాలి విసురు తగిలినప్పుడు జరిగేది ఒకసారి దగ్గరగా చూడండి. బండి మీద అన్నిటికంటే ఎత్తున, అన్నిటికంటే వెడల్పుగా ఉన్నది మీ ఛాతీ, భుజాలు, హెల్మెట్. ముందు కదిలేది అదే. భయంతో మోచేతులు బిగబట్టి, హ్యాండిల్‌ని గుప్పిట్లో నలిపేస్తున్నారనుకోండి, మొండెం కదిలిన ప్రతిసారీ ఆ కదలిక చేతుల గుండా నేరుగా హ్యాండిల్‌లోకి దిగుతుంది. బండికి అది మీరు ఇచ్చిన ఆజ్ఞే, గాలి ఇచ్చిందా మీరు ఇచ్చారా అని అది అడగదు. హ్యాండిల్ అటు తిరుగుతుంది, మీరు హడలిపోయి ఇటు లాగుతారు, ఆలోగా విసురు ఆగిపోతుంది, మీరు లాగిన లాగుడు మిగిలిపోతుంది. వెనకనుంచి చూసేవాడికి ఇది గాలికి బండి ఊగిపోతున్నట్టే ఉంటుంది.

దీనికి చేయాల్సింది చెప్పడం తేలిక, భయంలో చేయడం కష్టం. మోకాళ్లతో ట్యాంకుని గట్టిగా పట్టుకోవాలి, నడుము దగ్గర కొంచెం ముందుకి వంగాలి, మోచేతులు మడిచి వదులుగా ఉంచాలి, వేళ్లలో పట్టు ఎంత తగ్గించగలిగితే అంత తగ్గించాలి. మొండెం బరువు కాళ్ల మీద, నడుము మీద ఆగితే చేతులకి మోయడానికి ఏమీ మిగలదు. ముందుకి వంగడం వల్ల గాలికి తగిలే ఛాతీ కూడా తగ్గుతుంది. భుజాలు బిగుసుకున్నాయో లేదో తెలుసుకోవడానికి ఒక చిన్న పని చేయొచ్చు, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు మోచేతుల్ని కోడి రెక్కల్లా రెండుసార్లు ఆడించండి. ఆడకపోతే బిగుసుకున్నట్టే.

సరిదిద్దడం ఎలా అంటే, గాలి ఎడమ నుంచి తోస్తుంటే ఎడమ హ్యాండిల్‌ని ముందుకి కొంచెం నొక్కితే బండి ఎడమకి వాలుతుంది. అవును, నొక్కిన వైపుకే వాలుతుంది, వేగంలో బండి అలాగే పనిచేస్తుంది, మీరు రోజూ చేసేదీ అదే, కాకపోతే గమనించరు. ఎంత నొక్కాలన్నది ముఖ్యం. వేలితో బెల్లు నొక్కినంత. గాలి వైపు మోకాలు బయటికి చాచితే బండి నిలబడుతుందనే చిట్కా ఒకటి చాలామంది చెప్తారు, నాకైతే ఆ మోకాలు ట్యాంకుకి ఆనుకుని ఉంటేనే నయం అనిపిస్తుంది.

లారీ చాటు

ఇప్పుడు అసలు ప్రమాదం దగ్గరికొచ్చాం. ఈ దారిలో పోతున్నప్పుడు, వస్తున్నప్పుడు లెక్క వేరు వేరు, ఇది చాలామంది పట్టించుకోరు.

బెంగళూరు నుంచి అనంతపురం పోతుంటే మీ ముఖం ఉత్తరానికి, గాలి పడమర నుంచి, అంటే ఎడమ నుంచి. మీరు ఎడమకి కొంచెం వాలి పోతున్నారు. ముందొక లారీ. కుడివైపు నుంచి దాటడానికి వెళ్లారు. లారీ వెనక భాగం పక్కకి రాగానే గాలి ఆగిపోతుంది, ఎందుకంటే మీకూ గాలికీ మధ్య లారీ అడ్డం వచ్చింది. మీరు మాత్రం ఇంకా ఎడమకి వాలే ఉన్నారు. బండి లారీ వైపుకి జరుగుతుంది. లారీ చక్రాల్లోకి లాగేసుకుందని చెప్పేవాళ్లకి జరిగేది చాలావరకు ఇదే, లారీ పక్కన గాలి వేగం వల్ల పుట్టే లాగుడు కూడా కొంత దానికి తోడవుతుంది. సరే, తేరుకుని బండిని నిటారు చేశారు. మూడు నాలుగు సెకన్లలో క్యాబిన్ దాటారు. అక్కడ లారీ ముందు భాగం చీల్చుకొచ్చే గాలి, దానితో పాటు ఇప్పటిదాకా ఆగి ఉన్న ఎడమ గాలి, రెండూ ఒకేసారి తగులుతాయి. ఈసారి కుడికి, డివైడర్ వైపుకి తోపుడు. ఒక్క లారీని దాటడంలో రెండు వ్యతిరేక దెబ్బలు. రెండూ ముందే తెలిసినవి కాబట్టి చేయాల్సింది సులువు. లారీకీ మీకూ మధ్య దూరం ఎక్కువ ఉంచుకుని, అలాగని డివైడర్ అంచుకి పోకుండా, పక్కన సాగదీయకుండా ఒకే ఊపులో దాటేయాలి. చాటులోకి పోయే ముందు చేతులు వదులు చేయాలి. క్యాబిన్ దాటే ముందు మళ్లీ.

తిరుగు ప్రయాణంలో గాలి కుడి నుంచి. ఇప్పుడు లారీని కుడి నుంచి దాటుతుంటే చాటు ఉండదు, దాటినంతసేపూ గాలి మిమ్మల్ని లారీ వైపుకే నెడుతుంది. అది కనీసం స్థిరంగా నెడుతుంది కాబట్టి నయమే. దానికంటే చెడ్డది మీరు ఎడమ లైనులో పోతుంటే వెనకనుంచి వచ్చిన లారీ మిమ్మల్ని కుడివైపు నుంచి దాటడం. మీరు కుడికి వాలి ఉన్నారు, లారీ వచ్చి గాలిని ఆపేసింది, బండి కుడికి, లారీ వైపుకే జారుతుంది. ఇక్కడ మీ చేతిలో ఉన్నది అద్దం ఒక్కటే. లారీ వస్తోందని ముందే చూసి, లైనులో ఎడమకి జరిగి, చాటు రాకముందే సిద్ధంగా ఉంటే ఏమీ కాదు. పాట వింటూ అద్దం మరిచిపోతే గుండె జారిపోతుంది. పైగా ఆ వైపు పోయేటప్పుడు నైరుతి గాలి సగం ఎదురుగాలి కూడా, మధ్యాహ్నం, కడుపునిండా భోజనం, వీపున ఊరి నుంచి తెచ్చిన బ్యాగు. పోయేటప్పటి కంటే వచ్చేటప్పుడే ఎక్కువ జాగ్రత్త అని నేను అనడానికి కారణాలు ఇవీ.

డివైడర్ మీద గన్నేరు చెట్లు బాగా పెరిగిన చోట, తిరుగు దారిలో, కుడి గాలిని అవి కొంత ఆపుతాయి. యూటర్న్ కోసం డివైడర్ తెరిచిన ప్రతిచోటా ఆ చాటు తెగి, తలుపు తీసినట్టు ఒక విసురు వస్తుంది. అది సెకనులో సగం, బండి జరిగేది అడుగో అడుగున్నరో. అక్కడే ఎవరో బండి అడ్డం తిప్పుతుంటాడు కాబట్టి ఆ అడుగు కూడా విలువైనదే. పెనుకొండ దగ్గర కొండల పక్కన పోయేటప్పుడు, గుట్టని తొలిచి వేసిన రోడ్డులోంచి బయటపడేటప్పుడు, అనంతపురం దాటి కర్నూలు వైపు పోతే పామిడి దగ్గర పెన్న వంతెన ఎక్కేటప్పుడు కూడా జరిగేది ఈ కథే, చాటు పోయి ఆరుబయట పడటం. వంతెన మీద లారీని దాటకండి. నిమిషం ఆగితే అవతలి ఒడ్డు వస్తుంది.

లైనులో ఎక్కడ ఉండాలన్న ప్రశ్నకి పుస్తకాల్లో జవాబు గాలి వచ్చే వైపు ఉండాలనే, తోసినప్పుడు జరగడానికి చోటుంటుంది కాబట్టి. మన హైవేలో ఎడమ అంచున ఆగిన లారీలు, మేకలు, ఎదురుగా వచ్చే రాంగ్ సైడ్ బండ్లు ఉంటాయి. పోయేటప్పుడు ఎడమ లైను మధ్య నుంచి కొంచెం ఎడమకి, అంతే.

సామాను, కోన్ సెట్

ఊరి నుంచి వచ్చేటప్పుడు అమ్మ కట్టిచ్చిన బియ్యం మూట, ఊరగాయ జాడీ వద్దనలేం. ఎక్కడ కడుతున్నామన్నదే చూడాలి. బరువంతా సీటు చివర, వెనక పెట్టెలో పడితే ముందు చక్రం తేలికైపోతుంది, గాలి కుదుపుకి హ్యాండిల్ అల్లల్లాడటం మొదలవుతుంది. బరువు వీలైనంత కిందికి, వీలైనంత ముందుకి, రెండు పక్కలా సమానంగా. వెనక కూర్చునేవాళ్లు ఉంటే వాళ్లు మీకు దగ్గరగా జరగాలి, చున్నీ గానీ కొంగు గానీ చెయిన్ వైపు ఎగరకుండా దోపుకోవాలి. బ్యాగు మీద వదులుగా ఉన్న వాన తొడుగు గాలికి ఉబ్బి గొడుగులా లాగుతుంది, వాన లేకపోతే తీసేయండి. ముందుకి పొడుచుకొచ్చిన టోపీ అంచు లాంటిది ఉన్న హెల్మెట్లు చూడ్డానికి బావుంటాయి, పక్క గాలిలో అవే మెడని మెలిపెడతాయి.

హ్యాండిల్ అల్లాడటానికి అసలు కారణం చాలాసార్లు గాలి కాదు, అరిగిపోయిన కోన్ సెట్, అంటే హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు. గాలి దాన్ని బయటపెడుతుంది అంతే. సెంటర్ స్టాండ్ ఉంటే బండి ఎత్తి, ముందు చక్రం నేలకి తగలకుండా ఎవరినైనా వెనక నొక్కి పట్టుకోమని, హ్యాండిల్‌ని రెండు వేళ్లతో మెల్లగా ఈ చివర నుంచి ఆ చివరికి తిప్పండి. సరిగ్గా మధ్యలో టిక్కుమని పట్టేసినట్టు అనిపిస్తే కోన్ సెట్ పోయినట్టే. తర్వాత ఫోర్కులు కింద పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపండి, టకటకమంటే వదులైందని లెక్క. ప్రయాణానికి వారం ముందు చూసుకుంటే మెకానిక్‌కి టైము ఉంటుంది. టైర్లలో గాలి కంపెనీ స్టిక్కర్ మీద రాసినంతే ఉండాలి, తగ్గినా బండి అల్లాడుతుంది, పెరిగినా అల్లాడుతుంది.

ఒకవేళ వేగంలో హ్యాండిల్ నిజంగానే అల్లాడటం మొదలైతే గట్టిగా పట్టి ఆపాలని చూడకండి, బ్రేకు కొట్టకండి. మోకాళ్లు బిగించి, యాక్సిలరేటర్ మెల్లగా వదిలితే వేగం తగ్గేకొద్దీ చాలాసార్లు అదే సర్దుకుంటుంది.

ఎదురుగాలి గురించి చెప్పాల్సింది తక్కువ. 80లో పోతుంటే 30 ఎదురుగాలి తగిలితే బండికి అది 110 గాలి, నిరోధం దాదాపు రెట్టింపు. మైలేజీ పడిపోతుంది, చిన్న బండి టాప్ గేరులో లాగదు, ఒక గేరు దించితే సరిపోతుంది, ఇంజిన్‌కి ఏదో అయిందని కంగారు అక్కర్లేదు. వెనక గాలిలో బండి మెత్తగా, నిశ్శబ్దంగా పోతుంది, మీటరు చూసుకోకపోతే వేగం తెలియకుండానే పెరిగిపోతుంది.

ఏప్రిల్, మే సాయంత్రాల గాలి పూర్తిగా వేరే జాతి. పగలంతా కాగిన బెంగళూరు మీద నాలుగింటికల్లా నల్లటి మేఘం ఎత్తుగా లేస్తుంది. దాంట్లోంచి వాన పడటం మొదలైనప్పుడు చల్లబడిన గాలి బరువుగా కిందికి దూకి, నేలకి కొట్టుకుని నాలుగు వైపులా పరుచుకుంటుంది. అందుకే వానకంటే ముందు ఒక చల్లటి గాలి, దాని వెంట దుమ్ము వస్తాయి. ఆషాఢం గాలికి దిక్కు ఉంది, దీనికి లేదు, మేఘం ఎటుంటే అటునుంచి వస్తుంది. ఎండలో ఉన్నట్టుండి చల్లగా తగిలిందంటే ఆగడానికి మీకు ఉన్నది నిమిషాలే. ఆగేది చెట్టు కింద కాదు, హోర్డింగ్ కింద అసలే కాదు. ఈ వానల్లో బెంగళూరులో కొమ్మలు విరిగిపడటం ప్రతి ఏడాదీ చూసేదే. పెట్రోలు బంకు, హోటలు, ఏదైనా గట్టి కట్టడం. ఫ్లైఓవర్ కింద రోడ్డు మీదే బండ్లు ఆపేసి వెనకవాళ్లకి దారి లేకుండా చేసే అలవాటు మాత్రం మానుకోవాలి.

ఎప్పుడు ఆగాలి

గాలిని కళ్లతో కొలిచే పద్ధతి ఒకటి బ్రిటిష్ నౌకాదళ అధికారి ఫ్రాన్సిస్ బోఫోర్ట్ 1805లో తయారుచేసిన కొలమానం నుంచి వచ్చింది. మొదట్లో అది ఓడల తెరచాపల కోసం, తర్వాత నేల మీది గుర్తులు చేర్చారు. పెద్ద కొమ్మలు ఊగుతూ, కరెంటు తీగలు ఈల వేస్తూ, గొడుగు పట్టుకోవడం కష్టంగా ఉంటే గాలి 39 నుంచి 49 మధ్య ఉంది. రోడ్డు పక్క వేపచెట్లు మొదలుతో సహా ఊగుతూ, ఎదురు నడవడం కష్టమైతే 50 నుంచి 61. రెమ్మలు విరిగి రోడ్డు మీద పడుతుంటే 62 దాటినట్టు. సముద్రం మీద వాయుగుండానికి ఆ వేగం వస్తే వాతావరణ శాఖ దాన్ని తుఫాను అంటుంది. మన దారిలో ఇంకా దగ్గరి గుర్తు లారీ మీద కప్పిన టార్పాలిన్. అంచు మాత్రమే రెపరెపలాడితే పర్వాలేదు. పట్టా మొత్తం ఉబ్బి, తాళ్ల మధ్య ఎగిరెగిరి పడుతుంటే ఆ లారీకి దూరంగా ఉండండి, మీ సంగతి కూడా ఆలోచించుకోండి.

నా వరకు కొలత ఇది. ఎంత సర్దుకున్నా లైనులో సగం వెడల్పు దాటి అటూ ఇటూ పోతున్నానంటే ఆగిపోవాలి. దానికి వాన తోడైతే అంతకంటే ముందే ఆగాలి, ఎందుకంటే తడి రోడ్డు మీద టైరు పట్టే తగ్గిపోతుంది, గాలి తోపుడు అందులోంచి ఇంకొంత తినేస్తుంది. స్కూటర్ అయితే గొడుగు పట్టలేని గాలి అనిపించినప్పుడే. ఇంట్లో ఫోన్ చేసి రెండు గంటలు ఆలస్యమని చెప్పడానికి ఎవరూ సిగ్గుపడక్కర్లేదు, ఆరింటి తర్వాత గాలి మెల్లగా దిగుతుంది. కాకపోతే అప్పుడు చీకటి, ఎదురు లైట్లు మొదలవుతాయి, అందుకే పొద్దున్నే బయల్దేరినవాడికి ఉన్న సుఖం వేరు.

ఆగాక బండిని ఎలా నిలబెట్టారో చూసుకోండి. సైడ్ స్టాండ్ ఎడమ పక్క ఉంటుంది, బండి ఎడమకి వాలి ఉంటుంది. అనంతపురం పోయే దారిలో ఢాబా ముందు బండిని వచ్చిన ముఖంగానే ఆపితే గాలి ఎడమ నుంచి తగిలి, బండిని స్టాండ్ మీద నుంచి లేపి కుడికి పడేస్తుంది. పక్కనున్న బండి మీద పడితే బండి ఖర్చు కాక మాటలు కూడా పడాలి. బండిని వెనక్కి తిప్పి, బెంగళూరు వైపు ముఖం పెట్టి ఆపండి, అప్పుడు గాలి కుడి నుంచి తగిలి స్టాండ్ మీదికే అదుముతుంది. మొదటి గేరులో ఉంచండి, హ్యాండిల్ ఎడమకి తిప్పి లాక్ వేయండి. సెంటర్ స్టాండ్ వద్దు, కవరు కప్పడం అసలే వద్దు. హెల్మెట్‌ని అద్దానికి తగిలించకుండా లోపలికి తీసుకెళ్లి, టేబుల్ మీద పెట్టుకుని టీ చెప్పండి.